నల్లా వరుసలో బర్మా వదిన డబ్బా

పొద్దున్నే కళ్ళద్దాలు పెట్టుకోకముందే ఫోను చేతిలోకి తీసుకునే అలవాటు ఈ వయసులో నాకెందుకు పట్టుకుందో తెలియదు గాని, పట్టుకుంది. మీలో చాలామందికీ పట్టుకునే ఉంటుంది, దాచుకోకండి. హనుమకొండలో మా కాలనీ వాళ్ళందరికీ కలిపి ఫోనులో ఒక గ్రూపు ఉంది. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో, ఎవరింటి కుక్క ఎవరిని తరిమిందో, ఏ దేవుడికి ఏ పువ్వు పెట్టాలో అన్నీ అందులో వస్తుంటాయి. మొన్న ఒక వీడియో వచ్చింది. ఏ దేశమో తెలియదు, సముద్రంలో ఒక పడవ, కాలు మోపడానికి జాగా లేనంత జనం, అంచున ఒకామె చంటిపిల్లను కొంగులో చుట్టుకుని కూర్చుంది. కింద "వచ్చేస్తోంది మిడతల దండు" అని రాసి, దాని కింద వరుసగా నవ్వే బొమ్మలు పెట్టారు. ఆ వీడియో పంపినాయన చెడ్డవాడేమీ కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు, మా ఇంట్లో కరివేపాకు అయిపోయిందని తెలిస్తే అడగకుండానే ఒక కొమ్మ విరిచి గేటుకు తగిలించి పోతాడు. నవ్వినవాళ్ళూ అలాంటివాళ్ళే.

నాకు మాత్రం ఆ మాట దగ్గర వేలు ఆగిపోయింది. మనుషులను ఆ మాటతో పిలవగా నేను మొదటిసారి విన్నది యాభై ఏళ్ళ కిందట, వరంగల్ మట్టెవాడలో, మా పెద్దమ్మ నోట. తిట్టుగా అనలేదామె. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ముద్దుగా అన్నది. అందుకే ఆ మాట నాకు ఈనాటికీ అంత బాధగా ఉంటుంది.

మా ఊరు పరకాల పక్కన. డెబ్బైల మొదట్లో నాకు వరంగల్‌లో ప్రాథమిక పాఠశాలలో కొత్తగా కొలువు వచ్చింది, పెళ్ళికాని పిల్లను ఒంటరిగా కిరాయి ఇంట్లో ఉంచడం మా నాయనకు ఇష్టం లేక మట్టెవాడలో పెద్దమ్మ ఇంట్లో దింపిపోయాడు. పెద్దనాయన అప్పటికే పోయాడు, ఆమెకు పిల్లలు లేరు. ఇంటి ముందు గది కిరాణా కొట్టుకు కిరాయికిచ్చి, మిగతా ఇంట్లో తను, ఒక తులసి కుండ, ఇప్పుడు నేను. పెద్దమ్మకు వాడలో ప్రతి ఒక్కరికీ ఒక పేరు పెట్టనిదే తోచదు. ఎదురింట్లో ఉండే, మిల్లులో పనిచేసే పొడుగాటి ఆయన వాడకంతా మామ, పెద్దమ్మకు మాత్రం "కరెంటు స్తంభం". వాడంతా ఖాలా అని పిలిచే పక్కింటామె చిన్న కొడుకు ఎప్పుడూ ఏడుస్తుంటాడని "సైరన్". నేను "అగ్గిపుల్ల". ఆ పేర్లకు ఎవరూ కోపగించుకున్నట్టు నాకు గుర్తులేదు, ఆమె పేరు పెట్టిందంటే ఆ మనిషి వాడలో కలిసిపోయినట్టే లెక్క అనుకునేవాళ్ళం. ఖాలా అయితే కొడుకును తనే "ఏ సైరన్, ఇటు రా" అని పిలిచేది.

పెద్దమ్మ ఇంటి అరుగుకు ఎదురుగానే వాడ నల్లా. ధర్మసాగర్ చెరువు నీళ్ళు అందులో ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలిసేది కాదు. ఒకనాడు పొద్దున, ఒకనాడు అన్నాలవేళకు, ఒకనాడు అసలే రావు. అన్ని గంటలు ఎవరు నిలబడతారు చెప్పండి. అందుకని మనుషులకు బదులు బిందెలు నిలబడేవి. ముందురోజు సాయంత్రమే ఎవరి బిందె వాళ్ళు తెచ్చి వరుసలో పెట్టి పోయేవారు, ఇత్తడివి, సత్తువి, సొట్టలవి, అడుగు మాటేసినవి. నీళ్ళు వచ్చినప్పుడు వెనకున్నవాళ్ళు ముందున్న పాత్రను చూపించి "గిదెవ్వలది?" అని అడిగేవారు. అరుగు మీద కూర్చున్న పెద్దమ్మ, "ఖాలాది", "కరెంటు స్తంభానిది", "బాపమ్మది, పాపం ముసల్ది, మీరే నింపుండ్రి" అని చెప్పేది. ఎవరిదో ఒకరిది అని తెలిస్తే చాలు, దాన్ని కదిపే హక్కు ఎవరికీ ఉండేది కాదు. ఎవరూ పలకకపోతే మాత్రం ఆ పాత్రను కాలితో పక్కకు జరిపి ముందుకు పోయేవారు. ఇది ఎవరు పెట్టిన రూలో తెలియదు, మునిసిపాలిటీ వాళ్ళు కూడా దీనికి అడ్డు చెప్పేవారు కాదు.

ఆ రోజుల్లో, మీకూ గుర్తుండే ఉంటుంది, ఉత్తరం రాస్తే మామూలు తపాలా బిళ్ళతో పాటు శరణార్థుల సహాయానికని ఇంకో చిన్న బిళ్ళ అంటించాల్సి వచ్చేది. దాని మీద మూటలతో నడుస్తున్న మనుషుల బొమ్మ. తూర్పున యుద్ధం, లక్షలమంది ఇల్లూ వాకిలీ వదిలేసి వస్తున్నారని రేడియోలో చెప్పేవారు. నేను ఇంటికి ఉత్తరం రాస్తే ఆ బిళ్ళ అంటించే పని పెద్దమ్మదే. నాలుకతో తడిచేసి, బొమ్మను వెలుతురుకు పట్టి చూసి, "ఎవ్వల కన్న పిల్లలో బిడ్డా, ఏడికి పోతాండ్రో" అని నిట్టూర్చి అంటించేది. ఆమె జాలి నటన కాదు. ఆ జాలి ఎంత దూరం సాగుతుందో మాకెవరికీ అప్పటికి తెలియదు.

యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది, చలికాలం పోయేవేళ, మా వాడ చివర మూతపడ్డ పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ గోదాం ముందు ప్రభుత్వ లారీ ఒకటి ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు రేడియోలో చెప్పినవాళ్ళు కారు. బర్మా నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ తాతలు మన శ్రీకాకుళం వైపు నుంచే ఓడలెక్కి రంగూన్‌కు కూలికి పోయారట, అక్కడే పుట్టి పెరిగారు, అక్కడి ప్రభుత్వం మీరు ఈ దేశస్థులు కారని పొమ్మంటే వచ్చేశారు. ఇక్కడికొచ్చాక కూడా ఒక చోట కుదురుకోనివ్వకుండా ఊరి నుంచి ఊరికి తిప్పుతూ చివరికి మా దగ్గర దింపారు. పత్రికలు కాందిశీకులని రాసేవి, ఆ మాట మా వాడలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. వానాకాలం దాకా గోదాంలో ఉండండి, తర్వాత ఇళ్ళ జాగాలిచ్చి ఇక్కడే స్థిరపరుస్తామని అధికారులు చెప్పారట. అంటే వాళ్ళకు కావలసింది ఒక్కటే, ఆ వానాకాలం దాకా మా మధ్య నిలబడగలగడం.

ఆ మొదటిరోజు మా వాడ చేసిన మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. పెద్దమ్మ ఇల్లిల్లూ తిరిగి బియ్యం పోగుచేసింది, ఖాలా తన పెద్ద వంట డేగిసా ఇచ్చింది, మామ కట్టెలు కొట్టాడు. ఫ్యాక్టరీ ఆవరణలో అన్నం, పప్పుచారు వండి బంతి కూర్చోబెట్టాం. ఎన్నాళ్ళ ఆకలో, పిల్లలూ పెద్దలూ తల ఎత్తకుండా తిన్నారు, వడ్డిస్తున్న కొద్దీ విస్తరి ఖాళీ. పెద్దమ్మ గంటె పట్టుకుని నిలబడి చూసి చూసి, కళ్ళనీళ్ళతోనే నవ్వుతూ, "మిడతల లెక్క తింటాండ్రు పాపం, ఇంకింత పెట్టే అగ్గిపుల్లా" అన్నది. అందరం నవ్వాం. తింటున్నవాళ్ళలో ఒకామె కూడా తల ఎత్తి నవ్వింది. ఆమే తర్వాత మా బర్మా వదిన అయింది.

వదిన ఎలా అయిందో చెప్పాలి. రెండోరోజో మూడోరోజో ఆమె నల్లా దగ్గరికి కిరోసిన్ డబ్బా తెచ్చింది, పైన కర్ర దిగ్గొట్టి పట్టుకోవడానికి వీలుగా చేసింది, బిందె కొనే స్థోమత లేక. చివర పెట్టి పోయింది. నీళ్ళొచ్చాయి, వెనకనుంచి ఎవరో "గిదెవ్వలది?" అన్నారు. పెద్దమ్మ లోపల పొయ్యి దగ్గరుంది. అరుగు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. డబ్బాను జరపడానికి ఒక కాలు లేచింది, నాకేం తోచిందో, "మా వదినది" అనేశాను. పెద్దమ్మ లోపలినుంచి తొంగిచూసి, "ఏ అన్న పెండ్లామే? నాకు కొడుకే లేకపాయె, కోడలు ఏడికెల్లి ఊడిపడ్డది?" అని నన్ను ఆటపట్టించింది. వరుసలో ఉన్నవాళ్ళంతా పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, ఆ రోజునుంచి ఆ డబ్బా వదినదే, కదిపినవాళ్ళు లేరు.

ఆమె భర్త రంగూన్‌లో దర్జీ. ఇక్కడ మెషిను లేక, ఎవరి కొట్లోనైనా కాజాలు కుట్టే పని దొరుకుతుందేమోనని పొద్దంతా తిరిగేవాడు. ఒక్కతే కూతురు, అయిదేళ్ళుంటాయేమో. వదిన ఆ పిల్లను "గుంట" అనేది, వాళ్ళ వైపు ఆడపిల్లను ముద్దుగా అలాగే అంటారట. రోజూ పొద్దున ఏదో చెట్టు చెక్కను సానమీద అరగదీసి ఆ గంధం పిల్ల రెండు బుగ్గలకూ గుండ్రంగా పూసేది, అది రంగూన్ అలవాటు. ఆ చెక్క ముక్క రోజురోజుకూ అరిగిపోతుంటే, ఇది అయిపోతే ఎక్కడ దొరుకుతుందమ్మా అని నన్నడిగేది, నాకేం తెలుసు. పిల్లను మా బడిలో చేర్పించాను. పచ్చటి బుగ్గలతో ముందు వరుసలో కూర్చుని పలక మీద అక్షరాలను గీసినట్టు కాక ముగ్గు పెట్టినట్టు రాసేది. నాకు ఆ పిల్లంటే ప్రాణంగా ఉండేది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఎండాకాలం వచ్చింది. ముందటేడు వానలు సరిగ్గా పడక ధర్మసాగర్ అడుగంటింది. నల్లా రోజు విడిచి రోజయింది, తర్వాత ఎప్పుడొస్తే అప్పుడే అయింది. బిందెల వరుస సందు మలుపు దాటి పోయింది. నీళ్ళు తగ్గినకొద్దీ మాటలు పెరిగాయి. పెద్దమ్మ నోటినుంచి జారిన ఆ మాట ఎప్పుడు ఎట్లా మారిందో నేను కళ్ళతో చూశాను గాని, ఫలానా రోజు మారిందని చెప్పలేను. మొదట "మిడతల లెక్క తింటరు" అని నవ్వేవాళ్ళు. తర్వాత పోలిక చెప్పే ఆ "లెక్క" పోయింది, "మిడతలొచ్చినయా, పోయినయా" అనేవారు గోదాంవాళ్ళను. అప్పటికీ అది హాస్యమే. వదిన కూడా మొదట్లో నవ్వేది, పెద్దమ్మ పేరు పెట్టిందంటే మంచిదేగా అన్నట్టు. కాని పేరుకు తగ్గ పనులు కూడా తర్వాత్తర్వాత వాళ్ళకు అంటగట్టారు. మిడతలంటే ఉన్నదంతా తినిపోయేవే కదా, అందుకని కొట్లో చక్కెర దొరక్కపోయినా మిడతలే, నల్లా సన్నగా పడినా మిడతలే. మిల్లులో కొలువులన్నీ కాందిశీకులకే ఇస్తారని ఎవరో పుకారు పుట్టించారు, మామ అది నమ్మాడు. ఆయనకు అప్పటికే మిల్లులో పని రోజులు తగ్గించారు, ఇంట్లో అయిదుగురు పిల్లలు, ఆయన భయం ఆయనది. "మిడతలు వాలినంక చేన్ల ఏం మిగుల్తది? ఇప్పుడే తరమాలె" అని పేపరు మడిచి తొడమీద కొట్టుకుంటూ అనేవాడు. గోదాంలో ఉన్నది గట్టిగా ఎనిమిది కుటుంబాలని ఆయనకూ తెలుసు. ఆ మాట విన్నవాళ్ళ కళ్ళముందు మాత్రం ఆకాశం నిండా కమ్ముకునే దండు కనిపించేది.

ఒకరోజు బడిలో భోజనం వేళ పిల్లలు కొత్త ఆట ఆడుతున్నారు. ఒకరు చేతులు రెక్కల్లా చాపి గెంతుతుంటే మిగతావాళ్ళు సత్తు పళ్ళాలు వాయిస్తూ తరుముతున్నారు. గెంతుతున్నది గుంట. నవ్వుతూనే గెంతుతోంది, ఆటలో తనను ముఖ్యమైనదాన్ని చేశారని సంతోషం దానికి. ఆట ఎక్కడిదిరా అంటే "పెద్దవ్వ చెప్పింది టీచరమ్మా" అన్నారు. నిజమే. పెద్దమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి మీద మిడతలు వాలితే ఊరంతా చేలల్లోకి పోయి పళ్ళాలూ డబ్బాలూ వాయించి తరిమారట, ఆ కథ అరుగు మీద కూర్చుని వాడ పిల్లలకెన్నోసార్లు చెప్పింది. సాయంత్రం ఆమెకు ఆట సంగతి చెప్పాను. మొదట నవ్వింది. తర్వాత చాటలో బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి, "నేనన్నది గట్ల గాదు బిడ్డా" అన్నది. ఆ రోజునుంచి ఎవరైనా మిడతలంటే "వాళ్ళకు పేర్లు లేవా?" అని కసిరేది. అందరూ ఇంకా నవ్వేవారు, పెట్టిందే నువ్వు గదా పెద్దవ్వా అని.

అప్పుడు రోగం వచ్చింది. కక్కుళ్ళు, విరేచనాలు. మొదట ఖాలా ఇంట్లో, తర్వాత మామ చిన్న బిడ్డకు, ఆ తర్వాత గోదాంలో. మా వాడలోనే మొదలైందని అందరికీ తెలుసు, అయినా గోదాంవాళ్ళే తెచ్చారన్నారు. మామ బిడ్డను దవాఖానలో వేశారు, ఆ పిల్ల బతికింది గాని, ఆ రెండు రోజుల్లో మామ మనిషి కాకుండా పోయాడు. దవాఖాన నుంచి నేరుగా వచ్చి నల్లా కట్ట మీద నిలబడి, ఇక మిడతలు ఈ నల్లా ముట్టుకోవద్దు, ఫ్యాక్టరీ బావి తాగుతారో ఇంకేం చేస్తారో వాళ్ళిష్టం అని చెప్పాడు. ఆ బావిలో ఏళ్ళ తరబడి పత్తి చెత్త కుళ్ళుతోంది. పెద్దమ్మ అరుగు దిగి వచ్చి, "వరుస పెట్టేది నేను, నువ్వెవడివిరా?" అన్నది. మామ ఆమెను ఎప్పుడూ ఎదిరించి ఎరగడు. ఆ రోజు మాత్రం, "నీ బిడ్డయితే తెల్సేది పెద్దవ్వా" అన్నాడు. పిల్లలు లేని మనిషితో ఆ మాట. పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దెక్కాక నల్లా వచ్చింది. చాలా రోజుల తర్వాత రావడంతో వాడంతా అక్కడే ఉంది. అప్పుడు వదిన కిరోసిన్ డబ్బా పట్టుకుని సందు మలుపులో కనబడింది. గుంటకు విరేచనాలు పట్టుకుని అది రెండోరోజు, బావి నీళ్ళు కాచి పోసినా కడుపులో నిలవడం లేదని తెల్లవారుతూనే వచ్చి నాతో చెప్పింది. మంచినీళ్ళ కోసమే వస్తోంది. మా కూజాలో ఉన్న కాసిన్ని నీళ్ళు అప్పుడే ఇచ్చి పంపాను, ఇంట్లో ఇంక చుక్క లేదు. ఆమె ఇంకా దూరంగా ఉండగానే పిల్లల్లో ఎవడో పళ్ళెం మీద గంటెతో కొట్టాడు. ఇంకొకడు అందుకున్నాడు. పిల్లలు ఆటకే కొట్టారని ఇప్పటికీ అనుకుంటాను. కాని తర్వాత ఆడవాళ్ళు ఖాళీ బిందెలమీద కొట్టారు. మగవాళ్ళు కొట్టారు. మొదటిరోజు వడ్డించిన చేతులే. సన్నటి సందు, రెండు పక్కలా గోడలు, ఆ చప్పుడు వాటికి కొట్టుకుని ఇంతకింతయింది.

పెద్దమ్మ అరుగు మీదికి వచ్చింది. "ఆపుండ్రి! జర ఆపుండ్రి!" అని అరుస్తోందని ఆమె నోరు చూసి తెలుసుకున్నాను, మాట వినబడలేదు. ఆ అరుగు మీద నుంచి ఆమె మెల్లగా ఒక్క పేరు చెబితే వరుస కదిలేది, వరుస ఆగేది. ఆ రోజు గొంతు చించుకున్నా పక్కనున్న నాకే వినబడలేదు. నేనూ అరిచాను, మా వదినది, మా వదినది అని. వదిన ఆగలేదు, పరుగెత్తలేదు. నడిచి వచ్చి వరుస చివర తన డబ్బా పెట్టింది. దాన్ని రెండు చేతులతో సరిగ్గా ముందు బిందెకు ఆనించి, కొంగు సర్దుకుని నా దగ్గరికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, "నా వంతొచ్చినప్పుడు సెప్పమ్మా, గుంట ఒక్కత్తే ఉంది" అని వెళ్ళిపోయింది. ఆ మనిషి మా వాడ పద్ధతిని మా అందరికంటే ఎక్కువగా నమ్మింది.

ఆమె వంతు రాకుండానే ఆ రోజు నల్లా బందయింది. నేను గుంటను ఎత్తుకుని రిక్షాలో దవాఖానకు తీసుకుపోదామని గోదాంకు పరుగెత్తేసరికి అక్కడ లారీ ఉంది. వాడ పెద్దమనుషులు పొద్దున్నే ఆఫీసుల చుట్టూ తిరిగి, రోగం పాకుతోంది, వాళ్ళను ఎత్తేయకపోతే గొడవలవుతాయని చెప్పారట. గొడవలంటే భయపడని అధికారి ఎవరు. పిల్లకు బాగాలేదని లారీతో వచ్చినాయనకు చెప్పాను, దారిలో దవాఖానలో చూపిస్తామన్నాడు. ఏ దారి, ఏ దవాఖాన అంటే పైవాళ్ళకు తెలుసన్నాడు. నేను కొత్తగా కొలువులో చేరిన పిల్లను, ఆయన ముందు నిలబడి ఇంకేం అడగాలో కూడా తెలియలేదు. గుంట తల్లి భుజం మీద వేలాడుతోంది, కళ్ళు సగం మూసి ఉన్నాయి, బుగ్గల మీద గంధం మాత్రం పూసి ఉంది. అంత జబ్బులోనూ ఎప్పుడు పూసిందో ఆ తల్లి. లారీ కదిలాక వదినకు ఏదో గుర్తొచ్చినట్టు నావైపు చెయ్యి చాచి ఏదో చెప్పింది, ఇంజను చప్పుడులో వినబడలేదు. డబ్బా గురించే అయి ఉంటుంది.

మూడోనాడు మళ్ళీ నల్లా వచ్చింది. వరుస జరుగుతూ జరుగుతూ ఆ కిరోసిన్ డబ్బా ముందుకొచ్చింది. దాన్ని ఎవరూ తీసి పారేయలేదు. సిగ్గుపడి వదిలేశారో, ముట్టుకుంటే రోగమని భయపడ్డారో, అలవాటు కొద్దీ వాళ్ళ బిందెతో పాటు దాన్నీ జరుపుకుంటూ వచ్చారో నాకు తెలియదు. దాని వంతు వచ్చేసరికి అందరూ ఆగిపోయారు. కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల, ఏమీ తెలియనిది, "గిదెవ్వలది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అరుగు మీదనుంచి పెద్దమ్మ అన్నది.

"నా కోడలిది."

ఎవరూ నవ్వలేదు. మామ వరుసలోంచి వచ్చి డబ్బా నల్లా కింద పెట్టాడు, నిండేదాకా నిలబడ్డాడు, మోసుకొచ్చి పెద్దమ్మ అరుగు మీద పెట్టి, తల ఎత్తకుండా పోయాడు. ఆ నీళ్ళు అట్లాగే ఉన్నాయి. నీళ్ళకు అంత కరువున్న రోజుల్లో, ఆ డబ్బాలోంచి ఒక్క చెంబు ముంచుకోవడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.

రోగం వాళ్ళు పోయాక కూడా తగ్గలేదు. తర్వాత మునిసిపాలిటీ వాళ్ళు తవ్వి చూస్తే మురుగు మోరీ కింద నల్లా పైపు పగిలి ఉంది, బాగుచేశారు, తగ్గింది. ఆ సంగతి వాడలో ఎవరూ ఎక్కువసేపు మాట్లాడుకోలేదు. వదినవాళ్ళను ఎక్కడ దింపారో తెలుసుకోవాలని ఎన్ని ఆఫీసులకు పోయానో, ఒకరు ఖమ్మం వైపన్నారు, ఒకరు ఆదిలాబాద్ అడవుల వైపన్నారు. గుంట బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎనభైలలో ఒకసారి సిర్పూరు వైపు పోతుంటే రైలు ఏదో చిన్న స్టేషనులో ఆగింది, ప్లాట్‌ఫారం మీద ఒక పడుచుపిల్ల పచ్చటి బుగ్గలతో కనబడినట్టయి దిగబోయాను. రైలు కదిలింది, పక్కనున్నవాళ్ళు నా చెయ్యి పట్టుకుని లాగారు. పసుపు పూసుకున్న పిల్ల ఎవరో అయి ఉంటుంది, మన దగ్గర పసుపు పూసుకోనిదెవరు.

పెద్దమ్మ ఆ తర్వాత ఎవరికీ పేర్లు పెట్టలేదు. నన్ను కూడా అగ్గిపుల్ల అనడం మానేసింది, ఎంత అడిగినా అనలేదు. ఎనభైలు ముగిసేలోపు ఆమె పోయింది, మామ పాడె మోశాడు. ఆ గోదాం కూలగొట్టి దుకాణాలు కట్టారు, వాడలో ఇంటింటికీ నల్లా వచ్చింది, ఇప్పుడు అక్కడ ఎవరి నీళ్ళు వాళ్ళవే. పోయిన ఏడు అటువైపు పోతే నల్లా ఉన్నచోటు కూడా గుర్తుపట్టలేకపోయాను.

మొన్న ఆ వీడియో కింద ఏం రాయాలా అని చాలాసేపు కూర్చున్నాను. పాఠం చెప్పబోయాను, టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది, అంతా రాసి చెరిపేశాను. చివరికి "ఆ పడవలో మా వదిన ఉంది" అని మాత్రం రాశాను. కరివేపాకు ఇచ్చే ఆయన వెంటనే, "అయ్యో, నిజమా మేడమ్? ఏ దేశంలో ఉంటారు వాళ్ళు?" అని అడిగాడు, పాపం నిజంగానే కంగారుపడ్డాడు. ఏమని చెప్పను. నేను జవాబు వెతుక్కునేలోపే ఎవరో శుభోదయం అని గులాబీ పువ్వు పెట్టారు, దాని కింద ట్యాంకరు వచ్చిందని ఇంకొకరు రాశారు, వీడియో పైకి జరిగిపోయింది.

మా కాలం మంచిదని నేననను, అనడానికి నాకు నోరు రాదు. పళ్ళాలు వాయించింది మా కాలంవాళ్ళే. కాని ఆ సందులో, ఒక డబ్బాను కాలితో జరిపే ముందు కూడా, ఇదెవరిదని ఒకసారి అడిగేవారు. ఎవరో ఒకరు మాదని అనడానికి అంత వ్యవధి ఉండేది. ఇప్పుడు ఆ పడవలో ఉన్న ఆమెను చూసి ఎవరూ ఆ మాట అడగడం లేదు, నేను మాత్రం ఫోను చేతిలో పట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని ఇంకా చూస్తున్నాను.